యజమాని దగ్గర డబ్బున్నా, రెలిగేట్ అయిన క్లబ్బు ఎందుకు ఖర్చు పెట్టలేకపోతుంది?

మీరు అడిగింది ఇది: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బు లెస్టర్ సిటీ 2023లో పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ నుంచి కిందికి దిగిపోయింది, అంటే రెలిగేట్ అయింది. యజమానులు థాయిలాండ్ కింగ్ పవర్ వాళ్లు, డబ్బున్న కుటుంబం. నష్టం వాళ్లే భరిస్తామంటుంటే లీగ్‌కు వచ్చిన ఇబ్బందేమిటి? ఒకసారి కేసు గెలిచిన క్లబ్బుకు తర్వాత పాయింట్లు ఎందుకు కోశారు? దిగిన క్లబ్బుకు పారాచూట్ పేమెంట్ల పేరుతో కోట్లు వస్తాయి కదా, అవన్నీ ఎటు పోతాయి? చివర్లో మన కోళ్ల వ్యాపారం వెంకీస్ వాళ్ల బ్లాక్‌బర్న్ క్లబ్బు సంగతేమిటని కూడా అడిగారు.

నేను ఇంగ్లండ్‌లో అకౌంటెంట్‌ని. ఇక్కడి క్లబ్బులు దాదాపు అన్నీ లిమిటెడ్ కంపెనీలే కాబట్టి వాటి వార్షిక ఖాతాలు కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని చదవడం నాకు చాలాకాలంగా ఉన్న పిచ్చి. అంకెలన్నీ పౌండ్లలోనే చెబుతాను.

నా ఉద్దేశం ముందే చెప్పేస్తాను. రెలిగేట్ అయిన క్లబ్బుకు నష్టం కింది డివిజన్‌లో పుట్టదు. పైన ఉన్నప్పుడు సంతకాలు పెట్టిన కాంట్రాక్టుల్లోనే అది దాగి ఉంటుంది. దిగిన రోజున బయటపడుతుంది, అంతే. సరిగ్గా అదే సమయంలో లీగ్ నిబంధన ఒప్పుకునే నష్టం కూడా తగ్గిపోతుంది. మీరు అడిగిన గొడవలన్నీ ఈ రెండూ కలిసినచోటే మొదలవుతాయి.

ఆదాయం ఎంత పడిపోతుందో చూద్దాం. ప్రీమియర్ లీగ్‌లో ఆఖరి స్థానంలో నిలిచినా సరే, టీవీ హక్కుల సొమ్ము, ఇతర వాటాలు కలిపి 10 కోట్ల పౌండ్లు దాటి వస్తాయి. 2023-24లో అట్టడుగున నిలిచిన షెఫీల్డ్ యునైటెడ్‌కు దాదాపు 11 కోట్లు వచ్చాయి. కిందికి దిగిన మొదటి ఏడాది పారాచూట్ కింద వచ్చేది 5 కోట్లకు కాస్త తక్కువ. రెండో డివిజన్ అయిన ఛాంపియన్‌షిప్ సొంత టీవీ డబ్బు దానితో పోలిస్తే చిన్న మొత్తం. స్పాన్సర్ల ఒప్పందాల్లో చాలావాటికి రెలిగేషన్ క్లాజు ఉంటుంది కాబట్టి అదీ తగ్గుతుంది. పెద్ద క్లబ్బు యూరప్ పోటీల్లో ఆడుతూ ఆడుతూ పడిపోతే దెబ్బ ఇంకా పెద్దది.

ఖర్చు అలా పడదు. ఆటగాళ్ల కాంట్రాక్టులు మూడేళ్లు, నాలుగేళ్లు, ఐదేళ్లు. రెలిగేట్ అయితే జీతం సగం మేరకు తగ్గుతుందని ముందే రాయించుకున్న క్లబ్బులు బతికిపోతాయి. "మనం ఎందుకు దిగుతాం" అనుకున్నవి ఇరుక్కుంటాయి. హైటెక్ సిటీ జీతం చూసి హోమ్ లోన్ తీసుకున్నవాడికి జీతం సగమైనా ఈఎంఐ మారదు కదా, అదీ పరిస్థితి. సండర్‌లాండ్ 2017లో దిగినప్పుడు జాక్ రాడ్‌వెల్ కాంట్రాక్టులో ఈ క్లాజు లేదనీ, ఛాంపియన్‌షిప్‌లో కూడా అతనికి వారానికి సుమారు 70,000 పౌండ్లు వెళుతున్నాయనీ ఇక్కడి పత్రికల్లో తెగ నడిచింది. అదే క్లబ్బులో గోల్స్ కొట్టే జెర్మెయిన్ డెఫో మాత్రం తన కాంట్రాక్టులో ఉన్న రెలిగేషన్ క్లాజుతో ఉచితంగా వెళ్లిపోయాడు. అంటే అమ్ముకోగలిగినవాడు ఊరికే పోయాడు, అమ్ముడుపోనివాడు పూర్తి జీతంతో ఉండిపోయాడు. ఆ మరుసటి ఏడాదే, 2018లో, సండర్‌లాండ్ మూడో డివిజన్‌కు జారింది. మళ్లీ ప్రీమియర్ లీగ్ మొహం చూడటానికి 2025 దాకా పట్టింది. నా లెక్కలో క్లబ్బు యాజమాన్యం తెలివి కొలవాలంటే కొనుగోళ్లు చూడక్కర్లేదు, ఈ క్లాజు ఎంతమంది కాంట్రాక్టుల్లో ఉందో చూస్తే చాలు.

ఇక నిబంధన. ప్రీమియర్ లీగ్‌లో దాని పేరు ప్రాఫిటబిలిటీ అండ్ సస్టెయినబిలిటీ రూల్స్, పొట్టిగా పీఎస్ఆర్. మూడు సీజన్లు కలిపి క్లబ్బు నష్టం 10.5 కోట్లు దాటకూడదు, అంటే సీజన్‌కు 3.5 కోట్లు. ఛాంపియన్‌షిప్‌ను నడిపే ఈఎఫ్ఎల్ ఒప్పుకునేది సీజన్‌కు 1.3 కోట్లే, మూడేళ్లకు 3.9 కోట్లు. పైకీ కిందకీ తిరిగే క్లబ్బుకు ఏ సీజన్ ఏ లీగ్‌లో ఉందో చూసి కలుపుతారు. రెండేళ్లు పైన, ఒక ఏడాది కింద ఉంటే 3.5, 3.5, 1.3 కలిపి 8.3 కోట్లు. రెండేళ్లు కింద, ఒక ఏడాది పైన ఉంటే 6.1 కోట్లు. ఆ 6.1 కోట్ల పరిమితిని 3.45 కోట్లు దాటినందుకే నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కు 2024 మార్చిలో 4 పాయింట్లు పోయాయి.

ఈ నష్టం లెక్కలోకి అన్ని ఖర్చులూ రావు. అకాడమీ, మహిళల జట్టు, ఊళ్లో చేసే సేవా కార్యక్రమాలు, స్టేడియం, ట్రైనింగ్ గ్రౌండ్ల తరుగుదల, వీటిని తీసేసి చూస్తారు. అందుకే పేపర్లో కనిపించే నష్టానికీ, ఈ కేసులు విచారించే స్వతంత్ర కమిషన్ ముందు నడిచే అంకెకూ తేడా ఉంటుంది.

లెస్టర్ కథ ఇప్పుడు తేలిగ్గా అర్థమవుతుంది. 2016లో లీగ్ టైటిల్, 2021లో ఎఫ్ఏ కప్, ఆ మధ్యలో వరుసగా రెండుసార్లు ఐదో స్థానం. సీగ్రేవ్‌లో దాదాపు 10 కోట్లు పోసి కొత్త ట్రైనింగ్ సెంటర్ కట్టారు. జీతాల బిల్లు యూరప్‌లో అన్నిటికంటే పెద్ద పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ స్థాయికి ఎదిగింది. ఛాంపియన్స్ లీగ్ మాత్రం ఆ రెండుసార్లూ చివరి మ్యాచుల్లో చేజారింది. 2021-22 ఖాతాల్లో నష్టం 9.25 కోట్లు, 2022-23లో 8.97 కోట్లు. ఆ రెండో ఏడాది ఆదాయం సుమారు 17.7 కోట్లయితే జీతాలే 20.6 కోట్లు! వచ్చిన ప్రతి 100 పౌండ్లకు జీతాలకే 116 పోయాయన్నమాట, ఆటగాళ్ల కొనుగోలు ఖర్చు ఇంకా లెక్కలోకి రాకముందే. ఆ సీజన్‌లోనే క్లబ్బు దిగిపోయింది.

దిగినాక ఏం జరిగిందో తేదీలతో చూడండి. జేమ్స్ మాడిసన్‌ను టోటెన్‌హామ్‌కు అమ్మింది జూన్ చివరి వారంలో, కాబట్టి ఆ లాభం 2022-23 ఖాతాలో పడింది. హార్వీ బార్న్స్‌ను న్యూకాజిల్‌కు అమ్మింది జూలైలో, అది తర్వాతి ఏడాది ఖాతా. యూరి టీలెమాన్స్, చాగ్లర్ సోయుంచు కాంట్రాక్టులు ముగిసి ఉచితంగా వెళ్లిపోయారు. ఒకప్పుడు కోట్లు పలికిన ఇద్దరు ఆటగాళ్లకు ఖాతాలో వచ్చింది సున్నా. జూన్ 30 తర్వాత అమ్మకం జరిగితే ఆ ఏడాదికి పనికిరాదు కాబట్టే ఇక్కడ జూన్ ఆఖరి వారంలో క్లబ్బుల ఫైనాన్స్ డైరెక్టర్లకు నిద్ర ఉండదు. ఫారెస్ట్ కూడా ఇక్కడే దెబ్బతింది. బ్రెన్నన్ జాన్సన్‌ను జూన్‌లో తక్కువకు అమ్మే బదులు సెప్టెంబర్ 1 దాకా ఆగి 4.75 కోట్లకు అమ్మారు. వ్యాపారంగా తెలివైన పనే. కానీ కమిషన్ ఆ వాదన ఒప్పుకోలేదు.

లెస్టర్ మొదటి కేసులో ఎలా బయటపడిందన్నది మీ రెండో ప్రశ్న. 2022-23తో ముగిసే మూడేళ్లలో పరిమితి దాటారని 2024 మార్చిలో ప్రీమియర్ లీగ్ అభియోగం మోపింది. లెస్టర్ లాయర్లు నష్టం దాకా వెళ్లనే లేదు. సీజన్ అయిపోయాక 2023 జూన్ మధ్యలో క్లబ్బు సభ్యత్వానికి గుర్తయిన తన ప్రీమియర్ లీగ్ షేరును బదిలీ చేసి ఈఎఫ్ఎల్‌లో చేరిపోయింది. ఖాతా సంవత్సరం ముగిసింది జూన్ 30న. కాబట్టి ఖాతా ముగిసే నాటికి మేము మీ సభ్యులమే కాదు, మమ్మల్ని విచారించే అధికారం మీకెక్కడిదని అడిగారు. 2024 సెప్టెంబర్‌లో అప్పీల్ బోర్డు వాళ్లతో ఏకీభవించింది. నిబంధన ఉద్దేశం ఏదైనా రాసిన మాటల ప్రకారమే చదవాలంది. న్యాయంగా అది సరైన తీర్పే అనుకుంటాను. నిబంధన రాసినవాళ్లకు రెండు వారాల ఖాళీ కనిపించలేదు, లాయర్లకు కనిపించింది. అభిమానులు అప్పుడు "నిర్దోషులం" అని సంబరపడ్డారు గానీ, తీర్పు అధికార పరిధి గురించి మాత్రమే. నష్టం ఎక్కడికీ పోలేదు.

అది పోలేదు కాబట్టే తర్వాతి లెక్కలో దొరికింది. 2021-22, 2022-23, 2023-24 కలిపితే రెండేళ్లు పైన, ఒకటి కింద. పరిమితి 10.5 నుంచి 8.3 కోట్లకు పడిపోయింది. మూడేళ్ల ఖాతా నష్టాలు కలిపితే 20 కోట్ల దరిదాపుల్లో ఉన్నాయి. అకాడమీ వంటి ఖర్చులు తీసేసినా సరిపోలేదు. 2026 ఫిబ్రవరిలో స్వతంత్ర కమిషన్ 6 పాయింట్లు కోసింది. అప్పటికి లెస్టర్ 2024లో పైకొచ్చి, 2025లో మళ్లీ దిగి, ఛాంపియన్‌షిప్‌లో కిందిభాగంలో కొట్టుమిట్టాడుతోంది. తప్పు చేసిన జట్టు ఒకటి, శిక్ష పడ్డ జట్టు ఇంకొకటి. మాడిసన్, బార్న్స్ జీతాలు తీసుకుని వెళ్లి ఏళ్లయింది. శిక్ష ఆలస్యమైతే రెలిగేట్ అయిన క్లబ్బుకే ఎక్కువ నష్టం అన్నది ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికంటే నచ్చనిది ఇదే.

ఇప్పుడు అసలు ప్రశ్న. కింగ్ పవర్ దగ్గర డబ్బుంది కదా, పెట్టుకోనివ్వచ్చు కదా?

మొదటి సంగతి, యజమాని డబ్బు పెట్టకూడదని నిబంధన అనడం లేదు. ప్రీమియర్ లీగ్ 10.5 కోట్లలో యజమాని అండ లేకుండా ఒప్పుకునేది 1.5 కోట్లే, మిగతా 9 కోట్లూ యజమాని ఈక్విటీగా, అంటే తిరిగి అడగని పెట్టుబడిగా పెట్టాలి. ఛాంపియన్‌షిప్ 1.3 కోట్లలో కూడా 80 లక్షలు అలాంటిదే. లెస్టర్ విషయంలో కింగ్ పవర్ 2023లో 19.4 కోట్ల అప్పును ఈక్విటీగా మార్చేసింది. అంటే ఆ డబ్బు వదులుకున్నట్టే. అలా చేస్తే అప్పు భారం పోతుంది, నష్టం మాత్రం నష్టంగానే ఉంటుంది. చాలామంది తికమకపడేది ఇక్కడే. అప్పు అనేది బ్యాలెన్స్ షీట్‌లో ఉంటుంది, పీఎస్ఆర్ కొలిచేది లాభనష్టాల ఖాతాను.

రెండో సంగతి, యజమాని ఈరోజు ఉన్నాడు, రేపు ఉంటాడో లేదో లీగ్‌కు తెలియదు. పోర్ట్స్‌మత్ 2008లో ఎఫ్ఏ కప్ గెలిచింది. 2010 ఫిబ్రవరిలో దివాలా నిర్వాహకుల చేతికి వెళ్లింది, ప్రీమియర్ లీగ్ చరిత్రలో అలా వెళ్లిన మొదటి క్లబ్బు అదే. 9 పాయింట్లు పోయి, దిగి, 2013 నాటికి నాలుగో డివిజన్‌కు చేరింది. చివరికి అభిమానుల ట్రస్టే కొనుక్కుంది. ఇలాంటి దివాలాల్లో ఆటగాళ్లకూ, ఇతర క్లబ్బులకూ పూర్తి బాకీ ముందు చెల్లించాలని ఫుట్‌బాల్‌కు ప్రత్యేక నిబంధన ఒకటుంది. ఇంగ్లండ్ పన్నుల శాఖ దాన్ని కోర్టులో సవాలు చేసి 2012లో ఓడిపోయింది కూడా. ఆ నిబంధన వల్ల మిగిలినవాళ్లు, అంటే ఊళ్లోని చిన్న వ్యాపారులు, పౌండుకు కొన్ని పెన్నీలు తీసుకుని సరిపెట్టుకోవాలి. పోర్ట్స్‌మత్ బాకీదారుల జాబితాలో మ్యాచుల రోజు ప్రథమ చికిత్స చేసే సెయింట్ జాన్ అంబులెన్స్ అనే స్వచ్ఛంద సంస్థ కూడా ఉంది. లీడ్స్ సంగతీ అలాంటిదే. 2001లో ఛాంపియన్స్ లీగ్ సెమీఫైనల్ ఆడిన జట్టు, రాబోయే ఏళ్ల టికెట్ ఆదాయం మీద ముందే 6 కోట్లు అప్పు తెచ్చుకుంది. 2004లో దిగింది. 2007లో మూడో డివిజన్‌కు చేరింది, పోతూ 10 పాయింట్లు, కొత్త సీజన్ మొదలెడుతూ 15 పాయింట్లు పోగొట్టుకుంది.

బ్లాక్‌బర్న్‌కు వద్దాం. ఇది మనవాళ్లకు దగ్గర కథ, కొంచెం ఎక్కువే చెబుతాను. తెలుగు పేపర్లలో రోజూ గుడ్డు ధర కింద కనిపించే నెక్ ఉంది చూశారా, దాని ఏర్పాటులో ముందున్న డాక్టర్ బి.వి. రావు గారు స్థాపించినదే వెంకటేశ్వర హేచరీస్, ఇప్పటి వి.హెచ్. గ్రూప్. వెంకీస్ వీళ్లదే. ఆయన పిల్లల తరం 2010 నవంబర్‌లో సుమారు 2.3 కోట్ల పౌండ్లకు బ్లాక్‌బర్న్ రోవర్స్‌ను కొన్నది. 1995లో ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్బు అది. కొన్న నెలలోపే మేనేజర్ శామ్ అల్లార్డైస్‌ను తీసేశారు. 2012 మేలో దిగిపోయారు. ఆ రాత్రి ఈవుడ్ పార్క్ మైదానంలోకి ఎవరో కోడిని వదిలిన దృశ్యం ఇప్పటికీ ఇక్కడి టీవీల్లో వేస్తుంటారు.

దిగాక వాళ్లు చేసినది చాలామంది యజమానులు చేసేదే: వెంటనే పైకి రావాలని ఖర్చు పెట్టారు. జోర్డాన్ రోడ్స్‌ను 80 లక్షలకు కొన్నారు. అతను గోల్స్ బాగానే కొట్టాడు కూడా. కానీ ఒకే సీజన్‌లో మేనేజర్లు వరసగా మారారు, హెనింగ్ బెర్గ్ 57 రోజులే ఉన్నాడు. ఆగిపోయిన ప్రతి కాంట్రాక్టుకూ పరిహారం కట్టాలి. పారాచూట్ డబ్బు అప్పట్లో నాలుగేళ్లు వచ్చేది. అయినా 2013-14 నష్టం 4 కోట్లు దాటింది. అప్పటి ఛాంపియన్‌షిప్ నిబంధన ఆ సీజన్‌కు ఒప్పుకున్నది 80 లక్షలు. 2014 డిసెంబర్‌లో బ్లాక్‌బర్న్‌తో పాటు లీడ్స్, ఫారెస్ట్‌లకు కూడా ట్రాన్స్‌ఫర్ ఎంబార్గో పడింది. దాదాపు ఏడాది పాటు డబ్బు పెట్టి ఆటగాణ్ణి కొనే వీల్లేకపోయింది. ఆ మధ్యలో గోల్స్ కొట్టే రూడీ గెస్టెడ్‌ను ఆస్టన్ విల్లాకు, తర్వాత రోడ్స్‌ను మిడిల్స్‌బ్రోకు అమ్మారు. 2017లో ఆఖరి రోజు బ్రెంట్‌ఫర్డ్ మీద గెలిచినా, ఫారెస్ట్‌తో సమానంగా 51 పాయింట్లు ఉన్నా, గోల్ తేడాతో మూడో డివిజన్‌కు దిగిపోయారు. టోనీ మౌబ్రే ఏడాదిలో పైకి తెచ్చాడు.

ఇంత జరిగినా వెంకీస్ వాళ్లు డబ్బు పంపడం ఆపలేదన్నది నిజం. ఏళ్ల తరబడి నష్టాలన్నీ వాళ్లే పూడ్చారు, అది 10 కోట్లు ఎప్పుడో దాటింది. ఇక్కడి అభిమానులు వాళ్లను తిట్టడంలో న్యాయం ఎంత ఉన్నా, ఈ మాట కూడా చెప్పాలి. కానీ 2023 నుంచి ఇండియాలో ఈడీ విచారణ నేపథ్యంలో, క్లబ్బుకు డబ్బు పంపాలంటే ఢిల్లీ హైకోర్టు అనుమతి తీసుకోవాల్సి వచ్చింది. పంపే మొత్తానికి సమానంగా బ్యాంక్ గ్యారెంటీ పెట్టమని కోర్టు అంది. లాంకషైర్‌లోని ఒక ఊరి క్లబ్బు జీతాలు ఢిల్లీలో వాయిదా పడే కేసు మీద ఆధారపడ్డాయి! 2024 జనవరి నెలాఖరు, ఫిబ్రవరి మొదటి రోజుల్లో క్లబ్బు తన అకాడమీ కుర్రాడు ఆడమ్ వార్టన్‌ను క్రిస్టల్ ప్యాలెస్‌కు 1.8 కోట్లకు అమ్మింది. యజమాని ఉండీ డబ్బు రాని పరిస్థితి ఎలా ఉంటుందో ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. లీగ్ భయపడేది సరిగ్గా దీనికే.

వార్టన్ పేరు వచ్చింది కాబట్టి ఖాతాల్లో ఒక మెలిక చెప్పాలి. ఇది తెలియకపోతే రెలిగేట్ అయిన క్లబ్బు అమ్మకాలు పిచ్చిపనిలా కనిపిస్తాయి. ఆటగాణ్ణి 2.5 కోట్లకు ఐదేళ్ల కాంట్రాక్టు మీద కొన్నారనుకోండి. ఖాతాలో ఆ ఖర్చును ఏడాదికి 50 లక్షల చొప్పున పంచి రాస్తారు, దీన్నే అమోర్టైజేషన్ అంటారు. రెండేళ్ల తర్వాత పుస్తకంలో అతని విలువ 1.5 కోట్లు మిగులుతుంది. క్లబ్బు దిగిపోయింది, కొనేవాళ్లకు మీ అవసరం తెలుసు, కోటికే అడుగుతారు. అమ్మితే చేతికి కోటి వస్తుంది, ఖాతాలో మాత్రం 50 లక్షల నష్టం! అమ్మకపోతే జీతం, మరో 50 లక్షల అమోర్టైజేషన్. అకాడమీలో పెరిగిన కుర్రాడికైతే కొనుగోలు ధర లేదు కాబట్టి వచ్చినదంతా లాభమే. అందుకే క్లబ్బు ఇరుక్కున్న ప్రతిసారీ ముందు అమ్ముడయ్యేది ఊరి పిల్లవాడే. సండర్‌లాండ్ దిగగానే జోర్డాన్ పిక్‌ఫర్డ్‌ను ఎవర్టన్‌కు అమ్మినదీ ఇందుకే. అకాడమీలను ప్రోత్సహించాలని ఆ ఖర్చును మినహాయించిన నిబంధనే, అకాడమీ పిల్లల్ని అమ్మమని కూడా తోస్తోంది.

ఇంకో దారి స్టేడియం అమ్మకం. యజమాని తన ఇంకో కంపెనీకి క్లబ్బు స్టేడియం అమ్మి, ఆ లాభాన్ని ఖాతాలో చూపించడం. డెర్బీ కౌంటీ తన ప్రైడ్ పార్క్‌ను యజమాని మెల్ మోరిస్‌కు సుమారు 8 కోట్లకు అమ్మింది. షెఫీల్డ్ వెన్స్‌డే కూడా 6 కోట్లకు అమ్మి, తప్పు ఏడాదిలో రాసినందుకు శిక్ష అనుభవించింది. డెర్బీకి 2021లో దివాలాకు 12, ఖాతా పద్ధతులకు 9, మొత్తం 21 పాయింట్లు పోయి మూడో డివిజన్‌కు దిగింది. ఇలాంటి లాభం కాగితం మీదే, ఒక్కసారే వస్తుంది. ఆ తర్వాత ప్రతి ఏడాదీ అద్దె కట్టాలి, కొత్త యజమాని రావాలంటే స్టేడియం లేని క్లబ్బును కొనాలి.

పారాచూట్ గురించి. పైనున్న క్లబ్బులకు సమానంగా పంచే టీవీ సొమ్ములో మొదటి ఏడాది 55 శాతం, రెండో ఏడాది 45, మూడో ఏడాది 20. పైన ఒక్క సీజన్ మాత్రమే ఉండి దిగితే రెండేళ్లే. 2025లో దిగిన లెస్టర్‌కూ అంతే. అదే డివిజన్‌లో పారాచూట్ లేని క్లబ్బుకు ప్రీమియర్ లీగ్ నుంచి వచ్చేది ఏడాదికి సుమారు 50 లక్షలు. అంటే పక్కపక్కన ఆడే రెండు జట్ల మధ్య తేడా పది రెట్లు. దీని మీద ఇక్కడ రెండు వాదనలు నడుస్తుంటాయి. ఇది లేకపోతే పైకొచ్చిన క్లబ్బు ధైర్యంగా జీతాలు ఇవ్వలేకపోతుందని ప్రీమియర్ లీగ్ అంటుంది. మిగతా ఛాంపియన్‌షిప్ క్లబ్బులు వీళ్లతో పోటీపడాలని తమ ఆదాయం కంటే ఎక్కువ జీతాలిచ్చి మునుగుతున్నాయని ఈఎఫ్ఎల్ అంటుంది. డివిజన్ మొత్తం జీతాలు మొత్తం ఆదాయాన్ని దాటిన సీజన్లు ఉన్నాయి కాబట్టి నేను రెండోవాళ్ల వైపే మొగ్గుతాను. అలాగని పారాచూట్ ఉంటే చాలనీ కాదు. లూటన్ 2024లో దిగింది, పారాచూట్ చేతిలో ఉండగానే 2025లో మూడో డివిజన్‌కు జారింది. 2023-24లోనూ, 2024-25లోనూ పైకొచ్చిన మూడు క్లబ్బులూ ఆ ఏడాదే కిందికి పోయాయి. కొత్తగా వచ్చిన ఇండిపెండెంట్ ఫుట్‌బాల్ రెగ్యులేటర్, 2025 చట్టం ప్రకారం, లీగ్‌లు డబ్బు పంపకం మీద ఒప్పందానికి రాకపోతే జోక్యం చేసుకోగలదు, పారాచూట్‌ను కూడా అందులోకి తీసుకోవచ్చు.

మూడో డివిజన్‌కు దిగితే నిబంధనే మారిపోతుంది. అక్కడ నష్టం కాకుండా, ఆదాయంలో జీతాల వాటాకు పరిమితి పెట్టారు. అయితే యజమాని పెట్టిన ఈక్విటీని కూడా ఆదాయంలో కలుపుకోనిచ్చారు. 2024లో దిగిన బర్మింగ్‌హామ్ దీన్ని పూర్తిగా వాడుకుంది. జే స్టాన్స్‌ఫీల్డ్ కోసం ఆ డివిజన్ రికార్డు ధర పెట్టి, 111 పాయింట్లతో తిరిగొచ్చింది. యజమానికి డబ్బుంటే రెండో డివిజన్‌లో కంటే మూడో డివిజన్‌లో ఎక్కువ స్వేచ్ఛ దొరకడం వింతే.

2026-27 నుంచి ప్రీమియర్ లీగ్ పీఎస్ఆర్‌ను పక్కనపెట్టి, జట్టు ఖర్చు ఫుట్‌బాల్ ఆదాయంలో 85 శాతం దాటకూడదనే కొలతకు మారుతోంది. ఆటగాళ్లు, కోచ్‌ల జీతాలు, అమోర్టైజేషన్, ఏజెంట్ల కమీషన్లు అన్నీ అందులోకి వస్తాయి. 2025 నవంబర్‌లో క్లబ్బులు ఓటేసి ఒప్పుకున్నాయి. మూడేళ్లు వెనక్కి తవ్వే పని తగ్గుతుంది, శిక్ష త్వరగా పడుతుంది, అది మంచిదే. కానీ రెలిగేట్ అయ్యే క్లబ్బుకు ఇది ఊరట అనుకోను. పైన 85 శాతంలో ఉన్న క్లబ్బుకు ఆదాయం సగమైతే, ఖర్చు ఒక్క పౌండు పెరగకపోయినా అదే కొలత 170 శాతం చూపిస్తుంది. జీతం తగ్గే క్లాజులూ, అమ్మగలిగే ఆటగాళ్లూ ఉన్నవాడే అప్పుడూ నిలబడతాడు.

మీరే లెస్టర్ ఖాతాలు తెరిచి చూస్తానన్నారు కాబట్టి ఒక సలహా. నష్టం అంకె మీద ఆగకండి. జీతాలను ఆదాయంతో పోల్చండి, ఆ తర్వాత ఆటగాళ్ల పుస్తక విలువ ఎంత మిగిలిందో చూడండి. నోట్స్‌లో చివరికి వెళితే ఖాతా ముగిసిన తర్వాత జరిగిన సంగతుల నోట్ ఒకటుంటుంది. జూలైలో ఎవరిని అమ్మారు, ఎంతకు అమ్మారు, యజమాని ఇంకెంత పెట్టాడు అన్నవి సాధారణంగా అక్కడే బయటపడతాయి. జియోహాట్‌స్టార్‌లో మ్యాచ్ చూసే మనవాళ్లకు ఈ పేజీలు విసుగనిపించవచ్చు గానీ, వచ్చే సీజన్ ఆ క్లబ్బు ఎవరిని కొనగలదో, ఎవరిని అమ్మక తప్పదో అందులోనే రాసి ఉంటుంది.